పేరు ఒకటే కనిపిస్తోంది, లెక్క మాత్రం 0 వస్తోంది: పైథాన్‌లో తెలుగు పేర్లు పెట్టేవాళ్ళు చూడండి

మండపేట_కాటా
మా బాబాయి గారి ధాన్యం కొనుగోలు లెక్కలకి నేనూ తమ్ముడూ కలిసి పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాం. కాటా దగ్గర కూర్చునేవాళ్ళు కూడా చదువుకోగలగాలని వేరియబుల్ పేర్లన్నీ, అంటే విలువలు దాచుకునే పేర్లన్నీ, తెలుగు లిపిలోనే పెట్టాం. మొన్నటిదాకా బాగానే నడిచింది. ఇప్పుడు రోజు మొత్తం ఎంతని అడిగితే 0 చూపిస్తోంది. ఎర్రర్ ఏమీ లేదు. ఆ ముక్క ఇది:

మొత్తం = 0
(ఇక్కడ రైతు రైతుకీ లూప్ తిరుగుతుంది, కింది లైను లూప్ లోపలిది)
మొత్త౦ = మొత్తం + బస్తాలు * బస్తా_ధర

లూప్ అయ్యాక మొత్తం ప్రింట్ చేస్తే 0. లోపల బస్తాలు, బస్తా_ధర విడివిడిగా ప్రింట్ చేసి చూశాను, సరిగ్గానే ఉన్నాయి. మొదటి రైతుకి 40 బస్తాలు, బస్తా 1776.75. కనీసం 71,070 అయినా రావాలి కదా. రాత్రంతా తల పట్టుకుని కూర్చున్నాను. అసలు పైథాన్ తెలుగు పేర్లని పూర్తిగా ఒప్పుకుంటుందా? రూల్ ఏదైనా తప్పుతున్నామా?

చివరి_సెమిస్టర్
ఇండెంటేషన్ చూశారా అండీ? ఆ లైను లూప్ బయట ఉందేమో.

మండపేట_కాటా
లోపలే ఉంది. బయట ఉన్నా చివరి రైతుది ఒక్కటైనా కలవాలి కదా, 0 ఎందుకొస్తుంది?

తణుకు_టు_గచ్చిబౌలి
ఇందుకే పేర్లు ఇంగ్లీషులో పెట్టమనేది. పైథాన్ వాళ్ళ సొంత స్టైల్ గైడ్ పెప్ 8 లోనే రాసుంది, స్టాండర్డ్ లైబ్రరీలో పేర్లన్నీ ఆస్కీ, అంటే మామూలు రోమన్ లిపి, అక్షరాల్లోనే ఉండాలి, వీలైనంతవరకు ఇంగ్లీషు పదాలే వాడాలి అని. అంత పెద్ద భాష తయారుచేసినవాళ్ళు ఊరికే చెప్పరు. పేర్లు మార్చేయండి, గొడవ వదిలిపోతుంది.

సున్నితం
మార్చే ముందు ఒక్క పని చేయండి కాటా గారూ. ఎడిటర్లో కంట్రోల్ ఎఫ్ కొట్టి, మొదటి లైన్లో ఉన్న మొత్తం అనే పేరుని కాపీ చేసి వెతకండి. ఎన్ని చోట్ల దొరుకుతుందో చెప్పండి.

మండపేట_కాటా
నాలుగు దొరకాలి, మూడే దొరికాయి. లూప్ లోపల ఈక్వల్ గుర్తుకి ఎడమ పక్కనున్నది పసుపు రంగులోకి రావట్లేదు. కళ్ళకి మాత్రం అచ్చం అలాగే ఉంది.

సున్నితం
అదే దొంగ. మీ మొదటి లైన్లో చివర ఉన్నది సున్న, అంటే అనుస్వారం. లూప్ లోపల ఎడమ పక్కన ఉన్నది సున్నా, అంటే తెలుగు అంకె. రెండూ గుండ్రంగానే ఉంటాయి, చాలా ఫాంట్లలో తేడా కనిపించదు. ఆర్డ్ ఫంక్షన్‌కి ఇచ్చి చూడండి, ఆ అక్షరం యూనికోడ్ సంఖ్య చెప్తుంది. అనుస్వారానికి 3074 వస్తుంది, అంకెకి 3174 వస్తుంది.

ఎర్రర్ ఎందుకు రాలేదంటే, పైథాన్‌లో పేరుని ముందుగా ప్రకటించక్కర్లేదు. ఈక్వల్‌కి ఎడమ పక్కన కొత్త పేరు కనిపిస్తే కొత్త వేరియబుల్ పుట్టిస్తుంది. కుడి పక్కన ఉన్నది అసలు మొత్తం, అది ఎప్పుడూ 0 గానే ఉంది. లూప్ తిరిగినప్పుడల్లా 0 కి ఆ రైతు డబ్బు కలిపి దొంగ మొత్తంలో వేస్తోంది. మీరు ప్రింట్ చేస్తున్నది అసలుదాన్ని. అందుకే 0.

అదే ప్లస్ ఈక్వల్ గుర్తుతో కలిపి ఉంటే అక్కడికక్కడే ఆ పేరు లేదని ఎర్రర్ వచ్చేది. ఎందుకంటే కలపడానికి ముందు పాత విలువ చదవాలి, దొంగ పేరుకి పాత విలువ లేదు.

మండపేట_కాటా
సున్నితం గారూ, దణ్ణం. తీసేసి మళ్ళీ కొట్టాను, లెక్క వచ్చేసింది. ఆ లైను తమ్ముడు ఫోన్లో టైపు చేసి వాట్సాప్‌లో పంపితే ఇక్కడ అతికించాం. వాడి కీబోర్డులో ఆ గుండ్రం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

అంబాజీపేట_కొబ్బరి
ఫోన్లో అంకెల పేజీలో ఉంటుందండి ఆ సున్నా. మా ఊళ్ళో శుభలేఖల్లో కూడా చాలామంది అదే కొడతారు. పెళ్ళికేం ఇబ్బంది లేదు, ప్రోగ్రాంకే ఇబ్బంది, ఆయ్.

చివరి_సెమిస్టర్
ఒక్క నిమిషం. పేరులో అంకె ఎలా ఒప్పుకుంది? అంకెలు పేరులో ఉండొచ్చని తెలుసు, కానీ తెలుగు అంకెలు కూడానా?

సున్నితం
ఉండొచ్చు. 2007 లో మార్టిన్ ఫాన్ లోవిస్ రాసిన పెప్ 3131 అనే ప్రతిపాదన ప్రకారం పైథాన్ 3 లో యూనికోడ్ పేర్లు, అంటే ఇతర లిపుల్లో పేర్లు కూడా, వచ్చాయి. పేరు మొదట్లో ఏ భాష అక్షరమైనా, అండర్‌స్కోరైనా ఉండొచ్చు. మొదటిదాని తర్వాత అక్షరాలతో పాటు గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న, విసర్గ, ఏ భాష అంకెలైనా రావొచ్చు. కాబట్టి యూనికోడ్ రూలు ప్రకారం మీ దొంగ పేరు పూర్తిగా చెల్లుతుంది. అదే ప్రమాదం. చెల్లే పేర్లన్నీ సురక్షితమైన పేర్లు కావు.

ఇంకో సంగతి. పేర్లని పోల్చే ముందు పైథాన్ వాటిని ఎన్ఎఫ్‌కేసీ అనే పద్ధతిలో ఒక రూపానికి తెస్తుంది. ఐత్వం ఒకే గుర్తుగా కొట్టినా, ఎత్వం కింద చిన్న గుర్తు కలిపి రెండు ముక్కలుగా కొట్టినా ఒకే పేరుగా చూస్తుంది. సున్ననీ సున్నానీ మాత్రం కలపదు. అవి నిజంగానే వేరువేరు అక్షరాలు.

టీచరమ్మ_రాజోలు
నేను హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలకి ఇదే చెప్తున్నాను కాబట్టి నా అనుభవం. తణుకు గారు ఇంగ్లీషులో పెట్టమన్నారు కదా. మార్కుల ప్రోగ్రాం రాయించాను. పిల్లలు మొదట పెట్టే రెండు ఇంగ్లీషు పేర్లు ఏమిటో తెలుసా? క్లాస్, పాస్. రోమన్ లిపిలో చిన్న అక్షరాలతో ఈ రెండూ పైథాన్ తనకోసం ఉంచుకున్న పదాలు. రెండూ సింటాక్స్ ఎర్రరే. పిల్లలకి ఏం తప్పు చేశారో అర్థం కాలేదు, వాళ్ళు రాసింది వాళ్ళ పుస్తకంలో ఉన్న మాటే మరి. తరగతి, ఫలితం అని తెలుగులో పెట్టించాక ఆ గొడవ లేదు. అంతెందుకు, క్లాస్, పాస్ అని తెలుగు లిపిలో రాసినా పైథాన్‌కి అభ్యంతరం లేదు. దాని 35 కీవర్డులూ రోమన్ లిపిలోనే ఉన్నాయి. తెలుగు లిపిలో ఏ పేరు పెట్టినా వాటితో ఢీకొట్టదు.

పిల్లలు పడే తిప్పలు మాత్రం వేరే ఉన్నాయి. కిలో ధర అని మధ్యలో ఖాళీ వదులుతారు. పి.లక్ష్మి అని ఇంటిపేరు చుక్కతో రాస్తారు, పైథాన్ పి అనే వస్తువు లోపల లక్ష్మి అనే భాగం కోసం వెతికి పి ఎవరో తెలియదంటుంది. 2వ_పరీక్ష అని అంకెతో మొదలుపెడతారు. ఒక అమ్మాయి ఇంగ్లీషు అంకె కుదరట్లేదని ౨వ_పరీక్ష అని తెలుగు అంకె వేసి చూసింది. అదీ కుదరలేదు, మొదట ఏ భాష అంకైనా ఒకటే. పరీక్ష_౨ అంటే ఒప్పుకుంది. క్లాసంతా చప్పట్లు.

తర్వాత అదే అమ్మాయి మార్కులు = ౯౦ అని రాసింది. అది చెల్లదు, విలువగా రాసే సంఖ్యలకి ఇంగ్లీషు అంకెలే కావాలి. కానీ కొటేషన్లలో పెట్టి ఇంట్ ఫంక్షన్‌కి ఇస్తే ౯౦ ని 90 గా మార్చి ఇచ్చింది. అది చూసి నేనే ఆశ్చర్యపోయాను.

చివరి_సెమిస్టర్
మేడమ్, మా కాలేజీలో మీలాంటి లెక్చరర్ ఒక్కరున్నా బాగుండేది. మాకు రూల్స్ బట్టీ పట్టించారు, క్లాస్ పేరు ఎందుకు పనికిరాదో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మారుటేరు_1010
అంకెతో మొదలు కాకూడదనే రూలు మా ధాన్యపోళ్ళకి పెద్ద చిక్కు. ఇక్కడ వరి రకాలన్నిటినీ నంబర్లతోనే పిలుస్తాం. 7029, 1010, 1121, 1064. రైతుని ఏం వేశావని అడిగితే 1121 వేశానండీ అంటాడు, పేరు చెప్పడు. 7029 అంటే స్వర్ణ అనీ, 1010 అంటే కాటన్‌దొర సన్నాలనీ రాసుకోవచ్చు గానీ కాటా దగ్గర ఆ మాట ఎవరూ అనరు. 1010_బస్తాలు అని పెడితే పైథాన్ చెల్లని సంఖ్య అంటోంది. ఏం చేస్తున్నారు మీరంతా?

మండపేట_కాటా
మేం ఎంటీయూ_1010 అని పెట్టాం. మీ మారుటేరు పరిశోధనా స్థానం పేరే ముందుంటుంది.

పాతకాపు_సీ
1010 నీ 1121 నీ వేరియబుల్ పేర్లలో పెట్టడమే వద్దు బాబూ. అవి సమాచారం, పేర్లు కావు. రేపు ఇంకో రకం వస్తే కోడ్ మారుస్తావా? బస్తాలు అని ఒకే డిక్షనరీ పెట్టుకో, దాని లోపల "1010" కి ఇన్ని, "1121" కి ఇన్ని అని వేసుకో. కొటేషన్ల లోపల ఏ రూలూ లేదు, అంకెతో మొదలైనా, ఖాళీ ఉన్నా, చుక్క ఉన్నా ఎవరూ అడగరు.

మారుటేరు_1010
ఇది నచ్చింది మాస్టారూ. ఇవాళే మారుస్తాను.

సున్నితం
పాతకాపు గారి మాటకి ఒక చేర్పు. కొటేషన్ల లోపల ఉన్నదాన్ని పైథాన్ ఒక రూపానికి తేదు. ఐత్వం రెండు రకాలుగా కొట్టిన పేర్లు వేరియబుల్స్ అయితే ఒకటే, డిక్షనరీ తాళాలైతే, అంటే లోపల విలువని వెతికే కీలైతే, రెండు. రైతుల పేర్లు తాళాలుగా పెట్టుకునేవాళ్ళు యూనికోడ్‌డేటా మాడ్యూల్లోని నార్మలైజ్‌తో ముందే సరిచేసుకోండి.

తణుకు_టు_గచ్చిబౌలి
చూశారా, ఒక్క పేరు పెట్టడానికి ఎన్ని జాగ్రత్తలో. నేను తెలుగుకి వ్యతిరేకం కాదు. నా టీమ్‌లో పుణె, కొచ్చి, లక్నో వాళ్ళున్నారు. నా కోడ్ వాళ్ళు అర్ధరాత్రి చూసి బాగుచేయాల్సి వస్తుంది. తెలుగు లిపిలో ఉంటే వాళ్ళేం చేస్తారు? కావాలంటే తెలుగు మాటలనే రోమన్ లిపిలో రాసుకోండి. కీబోర్డు మార్చే పని కూడా ఉండదు.

గౌతమి_గట్టు
రోమన్‌లో తెలుగు మాత్రం వద్దు మహాప్రభో. కాలువ నీటిమట్టం లెక్కల్లో అదే చూశాను. రోమన్‌లో కాలువా, కలువా మన అలవాటు ప్రకారం ఒక్కలాగే రాస్తాం. చేపకి ఒకడు ఒక్క ఈ పెడతాడు, ఒకడు రెండు పెడతాడు, మూడోవాడు ఏ, ఈ కలుపుతాడు. ముగ్గురు కలిసి రాసిన ఫైల్లో ఒకే చేపకి మూడు వేరియబుల్స్. సున్న సున్నా గొడవ ఎప్పుడో ఒకసారి వస్తుంది, ఈ స్పెల్లింగ్ గొడవ ప్రతిరోజూ వస్తుంది. పెడితే నికరంగా ఇంగ్లీషు పెట్టండి, లేదా నికరంగా తెలుగు లిపి పెట్టండి.

తణుకు_టు_గచ్చిబౌలి
స్పెల్లింగ్ విషయం ఒప్పుకుంటా. మా పాత ప్రాజెక్టులో బాకీకి రెండు స్పెల్లింగులుండేవి, ఎవరూ ముట్టుకునేవారు కాదు.

టీచరమ్మ_రాజోలు
ఎవరు చదువుతారో చూసి పెట్టాలి, అంతే కదా. తణుకు గారి కోడ్ పుణెలో చదువుతారు, ఇంగ్లీషే న్యాయం. కాటా గారి కోడ్ చదివేది మండపేటలో. మా పిల్లల కోడ్ చదివేది రాజోల్లో.

భీమవరం_చెరువు
ఇంగ్లీషు పేరు పెట్టినంత మాత్రాన అందరికీ ఒకటే అర్థమవుతుందనుకోకండి. నాకు జరిగింది చెప్తా. రొయ్యల చెరువుల లెక్కలకి ఒక కంపెనీ యాప్ చేసి ఇచ్చింది. అందులో కౌంట్ అని ఒక వేరియబుల్. రాసిన కుర్రాడికి కౌంట్ అంటే ఎన్ని ఉన్నాయి అని. మాకు కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయి అని. 40 కౌంట్ అంటే కిలోకి 40, పెద్ద రొయ్య, మంచి రేటు. 100 కౌంట్ అంటే చిన్న రొయ్య, రేటు పడిపోతుంది. ఇప్పుడు ఒక చెరువులో 40 కౌంట్, ఇంకో చెరువులో 60 కౌంట్ పట్టుబడి వస్తే ఆ యాప్ రెండూ కలిపి 100 కౌంట్ అని చూపించింది. రెండు చెరువుల్లోనూ సమానంగా కిలోలు పడితే అది 50 కౌంట్ కావాలి. 100 కౌంట్ రేటు వేసి కాగితం చేతిలో పెడితే రైతు గుండె ఆగిపోదూ?

రూల్స్ ప్రకారం కౌంట్ అనే పేరులో తప్పేమీ లేదు. కంపైలర్ ఏమీ అనలేదు. పేరు పెట్టినవాడు ఎప్పుడూ చెరువు గట్టు మీదకి రాలేదు, అదీ సంగతి.

తణుకు_టు_గచ్చిబౌలి
ఇది నిజంగా మంచి ఉదాహరణ. మీరైతే ఏం పేరు పెడతారు?

భీమవరం_చెరువు
కిలోకి_రొయ్యలు. పొడుగైనా ఫరవాలేదు, రెండు చెరువులవి కలపబోయేవాడు ఒక్క క్షణం ఆగుతాడు.

గౌతమి_గట్టు
కొలత పేరులోనే ఉండాలన్నది నా మాట కూడా. లంకల్లో ఉన్న మా వాళ్ళకి వరద కబురు పంపే చిన్న ప్రోగ్రాం నడుపుతున్నాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. భద్రాచలంలో 43, 48, 53 అడుగులు. ఇద్దరు స్నేహితులు చెరో ఫైలూ రాసి పంపారు. రెండిట్లోనూ పేరు మొదటి_హెచ్చరికే. రెండు ఫైళ్ళ నుంచీ అన్ని పేర్లనీ గుత్తగా ఇంపోర్ట్ చేస్తే తర్వాత వచ్చింది ముందుదాన్ని తుడిచేస్తుంది. ధవళేశ్వరం దగ్గర 43 అడుగులు దాటితేనే మొదటి హెచ్చరిక అని కూర్చుంటుంది ప్రోగ్రాం. అప్పటికి లంకలు కాదు, మనమెవరం ఉండం. జూన్‌లోనే చూసి సరిచేశాం కాబట్టి సరిపోయింది.

ఇంకోటి. డిశ్చార్జిని లక్షల క్యూసెక్కుల్లో చెప్తారు. మొదటి హెచ్చరిక నాటికి సుమారు 10 లక్షలు, రెండోదానికి 13, మూడోదానికి 17. అడుగుల అంకెలూ ఇంచుమించు అవే తరహా. హెచ్చరిక = 13 అని ఉంటే అది అడుగులో, లక్షల క్యూసెక్కులో ఎవడు చెప్పాలి? ఇప్పుడు మా దగ్గర పేరు ధవళేశ్వరం_మొదటి_హెచ్చరిక_అడుగులు.

చివరి_సెమిస్టర్
అంత పొడుగు పేరు పెడితే లైను నిండిపోదా సార్? పెప్ 8 లో లైనుకి 79 అక్షరాలే కదా.

పాతకాపు_సీ
79 కే భయపడితే మా కాలం చూడాల్సింది తమ్ముడూ. ఫోర్ట్రాన్ 77 లో పేరు మొత్తం 6 అక్షరాలు. ఐ నుంచి ఎన్ దాకా ఏ అక్షరంతో మొదలైనా, వేరే చెప్పకపోతే అది పూర్ణసంఖ్య. పేరు మొదటి అక్షరమే రకాన్ని తేల్చేసేది. 1989 నాటి సీ ప్రమాణంలో ఫైలు లోపలి పేర్లకి మొదటి 31 అక్షరాలే లెక్క, వేరే ఫైళ్ళకి కనిపించే పేర్లకి 6 కే హామీ. అందులోనూ పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ తేడా ఉంటుందని నమ్మకం లేదు. 1999 ప్రమాణంలో అవి 63, 31 అయ్యాయి. యూనిక్స్‌లో ఫైలు సృష్టించే క్రియేట్ కాల్‌కి ఇప్పటికీ చివర ఈ ఉండదు. అంత పొదుపు మనుషులు. కోతలు కోసి కోసి, ఆర్నెల్ల తర్వాత తిరిగొస్తే మన పేరు మనకే అర్థమయ్యేది కాదు. గట్టు గారి పేరు పొడుగే, కానీ వరదొచ్చిన రాత్రి చదివినా అర్థమవుతుంది. ఉంచెయ్యండి.

చివరి_సెమిస్టర్
స్థిరాంకాలని పెద్ద అక్షరాల్లో రాయాలని కూడా పెప్ 8 లో ఉంది. తెలుగులో పెద్ద అక్షరాలే లేవు. 11.75 ని ఎవరూ మార్చకూడదని చదివేవాడికి ఎలా తెలుస్తుంది?

గౌతమి_గట్టు
ఆ ఇబ్బంది నిజమే. మేం మారనివన్నీ స్థిరాలు అనే ఒక ఫైల్లో పెట్టుకున్నాం. వాడేటప్పుడు ముందు స్థిరాలు, చుక్క, ఆ తర్వాత పేరు వస్తుంది. చుక్క ముందు ఆ మాట చూస్తే ఎవరూ కదపరు. గుత్తగా ఇంపోర్ట్ చేయడం కూడా మానేశాం.

అంబాజీపేట_కొబ్బరి
మా అబ్బాయి గో అనే భాష నేర్చుకుంటున్నాడు, దాంట్లో తెలుగు పేరు పెడితే కొన్ని తీసుకుంటోంది, కొన్ని తీసుకోవట్లేదు అంటున్నాడు. వల తీసుకుంది, పడవ తీసుకుంది, చేప తీసుకోలేదుట. ఇదేం న్యాయమండీ?

సున్నితం
నిజమేనండి, గో భాష రూలే అంత. పేరులో అక్షరం అని యూనికోడ్ గుర్తించినవీ, అంకెలూ, అండర్‌స్కోరూ మాత్రమే ఉండాలి. తలకట్టుతో ఉన్న వ, ల, ప, డ అన్నీ అక్షరాలే. చేపలో చ కి ఏత్వం తగిలింది. గుణింతపు గుర్తుల్ని యూనికోడ్ అక్షరాలుగా కాక, అక్షరానికి తగిలే గుర్తులుగా లెక్కేస్తుంది. గో వాటిని రానివ్వదు. పొల్లు, సున్న కూడా అంతే. ధర చెల్లుతుంది, ధాన్యం చెల్లదు. పైగా గో లో వేరే ప్యాకేజీకి కనిపించాలంటే పేరు పెద్ద అక్షరంతో మొదలవ్వాలి. మనకి పెద్ద అక్షరం లేదు కాబట్టి ధర చెల్లినా గడప దాటదు. మీ అబ్బాయిని గో లో ఇంగ్లీషు పేర్లే పెట్టుకోమనండి. ఇది నాకూ బాధగానే ఉంటుంది, హిందీ, తమిళం వాళ్ళకీ ఇదే తిప్ప.

అంబాజీపేట_కొబ్బరి
వల ఉంది, పడవ ఉంది, చేపే లేదు. వేటకెళ్ళి ఏం లాభం.

టీచరమ్మ_రాజోలు
సున్నితం గారూ, ఒక సందేహం. ట్రాక్టర్‌ఖర్చు అని ఒక పిల్లాడు రాస్తే పైథాన్ కనిపించని అక్షరం ఏదో ఉందని ఎర్రర్ ఇచ్చింది. నాకేమీ కనిపించలేదు. పిల్లాడు భయపడి మళ్ళీ మొదటి నుంచి కొట్టాడు.

సున్నితం
అది పొల్లు తర్వాత వత్తు పడకుండా ఆపే గుర్తు, దాని సంఖ్య 8204. ర్ తర్వాత ఖ కొడితే ఖ వత్తుగా కిందకి దిగిపోతుంది కదా, దిగకుండా ఇది మధ్యలో నిలబడుతుంది. తెలుగు రాయడానికి తప్పనిసరి, కానీ పైథాన్ పేరులో చెల్లదు. ట్రాక్టర్_ఖర్చు అని అండర్‌స్కోర్ పెట్టించండి, ఆ గుర్తు అక్కర్లేకుండానే పొల్లు నిలబడుతుంది.

జావాస్క్రిప్ట్ ఇందుకు ఎదురు, దాన్ని ఒప్పుకుంటుంది. అక్కడ ఎర్రర్ రాదు, కానీ పేరు చివర ఈ గుర్తు ఒకటి మిగిలిపోతే కంటికి ఒకేలా ఉండే రెండు పేర్లు తయారవుతాయి. జావాస్క్రిప్ట్ పేర్లని ఒక రూపానికి కూడా తేదు. నాకడిగితే పైథాన్ గట్టిగా కాదనడమే మేలు. రస్ట్‌లో ఇంకా బాగుంది. 2021 లో వచ్చిన 1.53 వెర్షన్ నుంచి ఇతర లిపుల పేర్లు ఒప్పుకుంటూనే, ఒకేలా కనిపించే రెండు పేర్లు ఒక ప్రోగ్రాంలో ఉంటే హెచ్చరిక ఇస్తుంది.

మారుటేరు_1010
డేటాబేస్ సంగతి కూడా చెప్పనివ్వండి, పొడుగు పేర్ల మాటొచ్చింది కాబట్టి. పోస్ట్‌గ్రెస్‌లో రెండు టేబుళ్ళు చేయబోయాను. ఒకటి తూర్పుగోదావరి_ధాన్యం_కొనుగోలు, రెండోది తూర్పుగోదావరి_ధాన్యం_కోతలు. మొదటిది అయ్యింది. రెండోది ఆ పేరుతో టేబులు ఇప్పటికే ఉందంటుంది. కొనుగోలుకీ కోతలకీ పోలికేంటి?

పాతకాపు_సీ
పోస్ట్‌గ్రెస్‌లో పేరుకి 63 బైట్లే. యూటీఎఫ్ 8 అనే నిల్వ పద్ధతిలో తెలుగు అక్షరం ఒక్కోటి 3 బైట్లు, గుణింతం గుర్తు విడిగా ఇంకో 3, పొల్లు ఇంకో 3. అంటే అంతా కలిపి 21 ముక్కలు దాటదు. ఇంగ్లీషువాడికి 63 అక్షరాలు, మనకి మూడో వంతు. నీ రెండు పేర్లూ ధాన్యం దాటి క దగ్గరికి వచ్చేసరికి 62 బైట్లు అయిపోయాయి. మిగతాది కోసేసి రెండిటినీ తూర్పుగోదావరి_ధాన్యం_క అనే రాసుకుంటుంది. పేరు కోశానని మొదటి టేబులప్పుడే ఒక నోటీసు ఇచ్చుంటుంది, పైకి జరిగిపోయి ఉంటుంది.

మారుటేరు_1010
నోటీసు ఉంది, ఇప్పుడు పైకి జరిపి చూశాను. జిల్లా పేరు కాలమ్‌లోకి మార్చేసి ధాన్యం_కొనుగోలు, ధాన్యం_కోతలు అని పెట్టాను. అయిపోయింది.

తణుకు_టు_గచ్చిబౌలి
నా మాట కొంచెం మార్చుకుంటున్నా. బయటి ఊళ్ళవాళ్ళు చూసే కోడ్‌లో ఇంగ్లీషే, అందులో మార్పు లేదు. కానీ సార్వా, దాళ్వా లాంటివాటికి ఖరీఫ్, రబీ అని పెట్టి, కాటా దగ్గర వాళ్ళు ఏది ఏమిటని అడుగుతుంటే రోజూ చెప్పుకోవడం కంటే మీరు చేసిందే నయం. ఆ దొంగ సున్నాని ముందే పట్టే మార్గం ఉంటే ఎవరైనా చెప్పండి, మా టెస్టుల్లో కూడా పెడతా. కస్టమర్ల పేర్లు తెలుగులో వస్తాయి మాకు.

సున్నితం
తేలికే. పైథాన్‌తో వచ్చే టోకెనైజ్ మాడ్యూల్ తీసుకోండి. ఫైల్లో ఉన్న పేర్లన్నీ ఒక్కొక్కటీ ఇస్తుంది. ఏ పేరులోనైనా 3174 నంబరు అక్షరం ఉంటే లైను నంబరుతో సహా ప్రింట్ చేయండి. తెలుగు సున్నా అంకె పేరులో ఉండాల్సిన అవసరం దాదాపు ఎవరికీ రాదు, కాబట్టి దొరికిందల్లా దొంగే అనుకోవచ్చు. ఇంకొంచెం గట్టిగా కావాలంటే తెలుగు అంకెలు పదింటినీ నిషేధించండి, 3174 నుంచి 3183 దాకా. పరీక్ష_౨ కి చప్పట్లు కొట్టిన క్లాసుకి నా క్షమాపణలు.

టీచరమ్మ_రాజోలు
వాళ్ళకి చెప్తాను, అర్థం చేసుకుంటారు. పరీక్ష_2 అని మారుస్తాం.

మండపేట_కాటా
సున్నితం గారు చెప్పినట్టు రాసి మా ఫైళ్ళన్నిటి మీదా నడిపాను. ఇంకొకటి దొరికింది. తేమ లెక్కల ఫైల్లో పైన తేమ_శాతం = 17 అని ఉంది, అది కొనుగోలుకి పై హద్దు కాబట్టి మొదటి విలువగా పెట్టాం. మీటర్ చూపించింది ఎక్కించే లైన్లో మాత్రం తేమ_శాత౦ అని గుండ్రం అంకె. అంటే మీటర్ 19 చూపినా 20 చూపినా ప్రోగ్రాం దృష్టిలో తేమ ఎప్పుడూ 17 దగ్గరే ఉంది. 17 దాటితే తరుగు తీయాలన్న షరతు ఒక్కసారి కూడా పనిచేయలేదు. ఇది కూడా వాట్సాప్‌లో వచ్చిన లైనే. హద్దుకి తేమ_హద్దు_శాతం, మీటర్‌దానికి మీటర్_తేమ_శాతం అని రెండు పేర్లు విడగొట్టేశాను. బాబాయి గారికి చెప్పాను, ఈ దాళ్వా కాగితాలన్నీ మళ్ళీ తీస్తున్నాం.

భీమవరం_చెరువు
రైతుల దగ్గర ఎక్కువ తరుగు పోయిందా?

మండపేట_కాటా
లేదండీ, అసలు తరుగే తీయలేదు. ఇచ్చేసిన డబ్బు వెనక్కి అడగనన్నారు బాబాయి గారు. రేపటి కాటా నుంచి కొత్త ఫైలు.